పర్లాకిమిడి చిన్న బండికి నేల కట్టడం: మోడల్ రైల్వేలో దృశ్య నిర్మాణానికి సమగ్ర మార్గదర్శి

నౌపడ నుంచి పర్లాకిమిడి వరకు 1900లో మొదలై, 1931 నాటికి గుణుపురం చేరిన చిన్న గేజి రైలు 2004 జూన్‌లో ఆగిపోయింది. పట్టాల మధ్య 762 మిల్లీమీటర్ల ఎడం ఉన్న ఆ దారిలోనే 2011 నాటికి బ్రాడ్ గేజి బండి నడవడం మొదలైంది. గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో నా వయసు దాటినవాళ్లందరికీ ఆ చిన్న బండి జ్ఞాపకం ఉంది. దాన్ని చిన్న ప్రమాణంలో మళ్లీ నడిపించాలని నేను కట్టిన మొదటి లేఅవుట్‌లో, అంటే బల్ల మీది నమూనాలో, ఇంజను, పెట్టెలు బాగానే కుదిరాయి. చుట్టూ మాత్రం తెప్పించిన పచ్చగడ్డి చాపలు పరిచి, వాటి మీద పైన్ చెట్లు నాటాను. మా పెదనాన్నగారు వచ్చి చాలాసేపు చూసి, "బండి మనదే నాయనా, మరి ఇందులో మట్టేదీ?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబుగా రెండోసారి కట్టిన లేఅవుట్‌లో నేర్చుకున్న పద్ధతిని, కొత్తగా మొదలుపెట్టేవారి కోసం వరుసగా ఇక్కడ రాస్తున్నాను. ముందు మట్టి, తర్వాతే పచ్చదనం అన్నది ఈ పద్ధతికి మూలసూత్రం.

ప్రమాణం, చోటు, నెల

నేను ఎంచుకున్నది 1:87 ప్రమాణం. అసలు మీటరు ఇక్కడ పదకొండున్నర మిల్లీమీటర్లు అవుతుంది. 762 మిల్లీమీటర్ల గేజిని 87తో భాగిస్తే 8.76 వస్తుంది కాబట్టి, ఎన్ గేజి అనే మరింత చిన్న ప్రమాణపు మోడల్ రైళ్లకు అమ్మే 9 మిల్లీమీటర్ల పట్టాల మీద 1:87 పెట్టెలు నడిపితే మన చిన్న బండి కొలత దాదాపు సరిగ్గా కుదురుతుంది. ఎన్ గేజి పట్టాల కింది స్లీపర్లు మాత్రం ఈ ప్రమాణానికి మరీ పొట్టిగా, మరీ దగ్గరగా ఉంటాయి. వీలుంటే చిన్న గేజి కోసమే చేసిన 9 మిల్లీమీటర్ల పట్టాలు తెప్పించుకోవాలి. వీలు కాకపోతే రెండు స్లీపర్లకు ఒకటి చొప్పున కోసి తీసివేసి, మిగిలినవాటిని ఎడంగా జరిపి, వాటి మధ్య సన్నని అట్టముక్కలను పొడవాటి స్లీపర్లుగా అంటించుకోవాలి. కంకరలో సగం మునిగిన తర్వాత ఆ తేడా కంటికి తెలియదు.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద ఎంత నేల పడుతుందో ముందే లెక్క వేసుకోవాలి. 1.8 మీటర్లను 87తో గుణిస్తే 157 మీటర్లు, 0.6 మీటర్లను గుణిస్తే 52 మీటర్లు వస్తాయి. అంటే మన బల్ల మొత్తం ఒక మోస్తరు పొలం కన్నా పెద్దది కాదు. అంత చోటులో స్టేషను, నది, కొండ, ఊరు, సంత అన్నీ ఇరికిస్తే ఏదీ నిలవదు. నేను కాశీనగరం దాటాక వంశధారకూ కొండలకూ నడుమ పొలాల్లో సాగే కట్టను ఎంచుకుని, స్టేషను ఆలోచన పూర్తిగా మానుకున్నాను. కొండ కట్టే ఓపిక లేనివారికి నౌపడ వైపు ఉప్పుమళ్లు మంచి ఎంపిక. బల్లపరుపు నేల, నలుచదరపు మళ్లు, తెల్లటి ఉప్పు కుప్పలు, ఖాళీ ఆకాశం ఉంటే చాలు కాబట్టి పని సగం తగ్గుతుంది.

చోటుతో పాటు నెలను కూడా నిర్ణయించాలి. ఈ మాటను చాలామంది పట్టించుకోరు. తర్వాత వచ్చే రంగుల తప్పులన్నీ ఇక్కడే పుడతాయి. ఆషాఢంలో మళ్లలో నీళ్లు నిలిచి ఆకాశం కనిపిస్తుంది, భాద్రపదంలో అంతా ముదురు పచ్చ, మార్గశిరంలో కోసిన చేలు ఎండుగడ్డి రంగులో ఉంటే వాటి గట్లు మాత్రం ఇంకా పచ్చగా ఉంటాయి, చైత్రానికి అవి కూడా మాడిపోతాయి. మార్గశిరం నమూనాకు ఎంతో అనుకూలమైన నెల అని నా అభిప్రాయం. ఎండు రంగు పక్కన పచ్చరంగు పడటం వల్ల మళ్ల హద్దులు వాటంతట అవే కనిపిస్తాయి, నదిలో నీరు తగ్గి ఇసుక బయటపడుతుంది, వరికుప్పలు పెట్టే అవకాశం కూడా దొరుకుతుంది. నెల నిర్ణయించాక ఆ నెలలోనే వెళ్లి ఫొటోలు తీసుకోవాలి. దూరపు కొండల కన్నా కాళ్ల దగ్గరి నేలకే ఎక్కువ ఫొటోలు తీయాలి. కట్ట అంచు ఎలా ముగుస్తుందో, గట్టు మీద గడ్డి ఎంత ఎత్తుందో, బాటలో బండిచక్రం పడిన చోట మట్టి ఏ రంగులో ఉందో ఇంటికి వచ్చాక గుర్తుండదు.

బల్ల, పట్టాలు, వెనుక తెర

బల్లకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కింద చెక్క చట్రం సరిపోతాయి. మన వైపు వానకాలపు తేమకు ప్లైవుడ్ వంగుతుంది కాబట్టి పైభాగానికే కాక అడుగుకూ అంచులకూ కూడా వుడ్ ప్రైమర్ రెండు పూతలు వేయాలి. అడుగున వేయని బల్ల ఒక వైపే తేమ పీల్చి విల్లులా వంగడం నేను చూశాను. బల్ల నేల నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, కుర్చీలో కూర్చున్నవారి కంటికి బండి పొలంగట్టు మీద నిలబడి చూసినట్టు కనిపిస్తుంది.

దృశ్యం పని మొదలుపెట్టే ముందు పట్టాలను బిగించి, కనీసం వారం రోజులు బండి నడిపి చూడాలి. కంకర జిగురు పడిన తర్వాత అతుకు సరిచేయడం చాలా కష్టం. పట్టాల పక్కభాగాలకు తుప్పు గోధుమరంగు పూయడం కూడా ఇప్పుడే ముగించాలి. ఆ తర్వాత పట్టాల పైభాగం మీద కాగితపు టేపు అంటించి, పని ముగిసేదాకా ఉంచాలి. వంపుల దగ్గర ఎంత ఖాళీ వదలాలో తెలుసుకోవడానికి అన్నిటికన్నా పొడవైన పెట్టె ఒకటి తీసుకుని, దాని మధ్యభాగానికీ చివరలకూ బయటివైపు పెన్సిల్ ముక్కలు కట్టి చేత్తో నడిపించాలి. అవి గీసిన గీతల లోపల రాయి, చెట్టు, స్తంభం ఏదీ రాకూడదు.

వెనుక తెరను అందరూ చివర వేస్తారు. దాన్ని ముందే వేయడం మంచిది, ఎందుకంటే ముందున్న చెట్ల మీదుగా వంగి కుంచె పట్టడం సాధ్యం కాదు. మూడు మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డును మూలల్లో గుండ్రంగా వంచి బిగించాలి. ఆకాశం పైభాగాన నీలం, కిందికి వచ్చేకొద్దీ తెలుపు కలిసి పాలిపోవాలి. మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. దాన్ని మన ప్రమాణంలో నిలబెడితే 17 మీటర్లు దాటుతుంది కాబట్టి కొండల్లో చాలా భాగం తెర మీదనే ఉండక తప్పదు. మూడు వరుసల కొండలు చాలు. అన్నిటికన్నా వెనుక వరుస ఆకాశం కన్నా ఒక్క పిసరు మాత్రమే ముదురైన బూడిద నీలం, మధ్య వరుసలో కొంచెం ఆకుపచ్చ, ముందు వరుసలో మట్టి కలిసిన పచ్చ ఉండాలి. రంగులన్నిటినీ లేఅవుట్ మీద శాశ్వతంగా వెలిగే దీపం కిందనే కలుపుకోవాలి. పెరట్లో ఎండలో కలిపిన రంగు గదిలో ఎల్‌ఈడీ వెలుగులో వేరుగా కనిపిస్తుంది.

నేల ఆకారం

ఫ్రిజ్‌లు, టీవీల పెట్టెల్లో వచ్చే థర్మోకోల్ ఎక్కడైనా దొరుకుతుంది. దాన్ని పొరలుగా పేర్చి తెల్ల జిగురుతో అంటించి, ఆరిన తర్వాత రంపపు కత్తితో కొండ ఆకారంలో కోయాలి. ఆ పనిలో గింజలు గది నిండా ఎగురుతాయి కాబట్టి ఆరుబయట, గాలి లేనప్పుడు కోయడం మంచిది. చెప్పులకు వాడే రబ్బరు జిగురును గానీ, డబ్బాల్లో వచ్చే స్ప్రే పెయింటును గానీ దీని దగ్గరికి రానీయకూడదు. వాటిలోని ద్రావకం థర్మోకోల్‌ను కరిగించివేస్తుంది. వారం రోజులు చెక్కిన కొండ ఒక్క పూతతో లోపలికి కుంగిపోయి గుంటలు పడటం నాకు అనుభవమే. నీటిలో కలిసే రంగులు, నీటిలో కలిసే జిగురు మాత్రమే వాడాలి.

కొండ పొట్టకు థర్మోకోల్ చాలనప్పుడు అట్టపెట్టెలను వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, బుట్ట అల్లినట్టు అడ్డంగా నిలువుగా అంటించి, దాని మీద పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) బ్యాండేజీ పరచవచ్చు. విరిగిన చేతికి కట్టే ఆ బ్యాండేజీ చుట్టలు మందుల షాపుల్లో దొరుకుతాయి. చెయ్యెడు ముక్కలుగా కోసి, గోరువెచ్చని నీటిలో ముంచి తీసి, ఒకదాని అంచు మీద మరొకటి పడేలా రెండు పొరలు వేస్తే పది నిమిషాల్లో గట్టిపడుతుంది. మైదా గంజితో కాగితాలు అతికించే పాత పద్ధతి చవకే గానీ ఎలుకలను, బూజును పిలుస్తుంది. అదే వాడదలచినవారు పుస్తకాలు కుట్టేవారిలా గంజిలో చిటికెడు మైలుతుత్తం కలపాలి. అది విషం కాబట్టి పిల్లలున్న ఇళ్లలో ఆ గిన్నెను విడిగా ఉంచడం తప్పనిసరి.

తూర్పు కనుమల కొండలు నిటారుగా నిలబడవు. గుండ్రని భుజాలతో మెల్లగా దిగి, పాదం దగ్గర బండరాళ్లు చిందరవందరగా పడి ఉంటాయి. విదేశాల్లో తయారైన రాతి అచ్చులు మంచుకొండల చరియలను పోలి ఉంటాయి కాబట్టి అవి మనకు పనికిరావు. వంటింటి అల్యూమినియం రేకును నలిపి, సగం విప్పి, దానిలో పీఓపీ పోసి, సగం గట్టిపడుతున్నప్పుడు కొండ వాలుకు అదిమి పట్టుకుంటే మన రాళ్లకు దగ్గరగా వస్తుంది. పీఓపీ కలిపేటప్పుడు పొడి మీద నీళ్లు పోయకూడదు. నీటిలో పొడి చల్లుకుంటూ పోవాలి. కొలతకు రెండు గిన్నెల పొడికి ఒక గిన్నె నీరు. త్వరగా గట్టిపడుతుంటే నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే నెమ్మదిస్తుంది. ఈ కొండల్లో ఎక్కువగా కనిపించే శిలకు ఇక్కడి గిరిజనులైన ఖొండుల పేరు మీదనే ఖొండలైట్ అని పేరు. గాలికీ వానకూ అది ఎర్రటి గోధుమరంగుకు, అక్కడక్కడ పసుపుకు తిరుగుతుంది. అందుకని తెల్లటి పీఓపీ రాయి మీద నీళ్లలా పలుచన చేసిన ఎల్లో ఓకర్, బర్న్ట్ అంబర్, కావి రంగులను వేరువేరు చోట్ల చుక్కలుగా వదిలి, అవి ఒకదానిలో ఒకటి పాకిన తర్వాత అంతటి మీదా పలుచని నలుపు పోయాలి. నలుపు పగుళ్లలో నిలుస్తుంది. ఆరాక దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లేత రంగును అంచుల మీద మాత్రమే తాకించాలి.

కట్ట, మళ్లు

మీటరు ఎత్తు కట్ట మన ప్రమాణంలో 12 మిల్లీమీటర్లు. మట్టికట్ట నిటారుగా నిలబడదు కాబట్టి ఎత్తుకు రెట్టింపు, అంటే 24 మిల్లీమీటర్ల మేర వాలు రెండు వైపులా జరగాలి. చాలా లేఅవుట్లలో కట్టలు గోడల్లా కనిపించడానికి ఈ లెక్క వేయకపోవడమే కారణం.

వరిమడిలో నీళ్లు నిలవాలి కాబట్టి ప్రతి మడీ చదునుగా ఉంటుంది, వాలు అంతా మడికీ మడికీ మధ్య మెట్టులో మాత్రమే ఉంటుంది. దీన్ని గ్రహించకపోతే పొలం ఎంత కష్టపడి చేసినా పచ్చిక మైదానంలా కనిపిస్తుంది. మూడు మిల్లీమీటర్ల ఫోమ్ షీటును మళ్ల ఆకారంలో కోసి, కొండ పాదం నుంచి నది వైపు ఒక్కొక్క పొర తగ్గించుకుంటూ అంటించాలి. మళ్లు నలుచదరంగా కోయకూడదు, నేల వంపును అనుసరించి పోవాలి. గట్లకు గోనె పురికొసను జిగురులో ముంచి అంచుల వెంట పరచి, ఆరిన తర్వాత మీద మట్టి చల్లాలి. గట్టు నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల ఎత్తు దాటకూడదు. నీరు దిగడానికి అక్కడక్కడ చిన్న గండి వదలాలి. కొండ పక్కన ఒకటి రెండు చోట్ల సవరలు రాళ్లు పేర్చి కట్టే మెట్ల పొలాలను చూపితే ఈ ప్రాంతం ఏదో వెంటనే తెలుస్తుంది. ఆ రాతిగోడలు ఎంతో నేర్పుతో కట్టినవి కాబట్టి వాటిని తొందరగా గీసి వదిలేయకుండా, సన్నని కంకరను పట్టుకారుతో ఒక్కొక్కటిగా పేర్చడం సముచితం.

మట్టి

ఇక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది. రంగు పూసిన నేల ఎప్పుడూ రంగు పూసిన నేలలాగే కనిపిస్తుంది, నిజమైన మట్టి చల్లిన నేల మాత్రం కెమెరాను కూడా ఒప్పిస్తుంది. కట్ట పక్కన, పొలం గట్టు మీద, ఏటి ఒడ్డున, కొండ పాదం దగ్గర గుప్పెడు చొప్పున మట్టి తెచ్చుకోవాలి. ఈ నాలుగూ నాలుగు రంగుల్లో ఉంటాయి, వాటిని కలపకూడదు. ఇంటికి వచ్చాక ఇనుప పెనం మీద సన్నని సెగన పావుగంట వేయిస్తే పురుగులు, గడ్డిగింజలు, తేమ పోతాయి. చల్లారాక దంచి, ముందు పిండిజల్లెడతోనూ తర్వాత పలుచని నూలుబట్టతోనూ జల్లించాలి. ఆ తర్వాత అయస్కాంతాన్ని పాలిథీన్ కవరులో చుట్టి మట్టిలో చాలాసార్లు తిప్పాలి. మన ఎర్రమట్టిలో ఇనుప రజను ఉంటుంది. దాన్ని తీయకపోతే ఇంజను మోటారులోని అయస్కాంతాలు లాక్కుంటాయి, అది గేర్లలో చేరుతుంది. ఖరీదైన ఇంజను ఒకటి అలా పాడైన తర్వాతే నేను ఈ జాగ్రత్త నేర్చుకున్నాను.

పరిమాణం గురించి ఒక్క మాట చెప్పాలి. అర మిల్లీమీటరు ఇసుకరేణువు 1:87లో నాలుగు సెంటీమీటర్లు దాటిన గులకరాయి అవుతుంది. అందుకని ఇసుక కావలసిన చోట ఇసుక వాడకూడదు. వంశధార ఇసుక మేటల కోసం ముగ్గుపిండిలో జల్లించిన ఏటిమట్టి కొంచెం కొంచెంగా కలిపి, నది ఫొటో పక్కన పెట్టి చూసుకుంటూ రంగు కుదుర్చుకున్నాను. జిగురు తగిలితే ఏ మట్టి అయినా ఒక ఛాయ ముదురుతుంది, పైగా చిన్న వస్తువు మీద ముదురు రంగు మరీ ముదురుగా కనిపిస్తుంది. అందువల్ల ఎర్రమట్టిలో కూడా ఐదో వంతు ముగ్గుపిండి కలిపి, అట్టముక్క మీద అంటించి, ఆరబెట్టి చూసిన తర్వాతే బల్ల మీద వాడాలి.

నేలకు ముందు మట్టిరంగు అక్రిలిక్ పూసి, తడిగా ఉండగానే టీ వడకట్టుతో పలుచగా మట్టి చల్లాలి. ఆరిన తర్వాత ఒక పాలు తెల్ల జిగురుకు రెండు పాళ్ల నీరు, నాలుగు చుక్కల గిన్నెలు తోమే ద్రవం కలిపి పెట్టుకోవాలి. నేల మీద ముందుగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సన్నగా చిమ్మి, సూది తీసిన సిరంజితో జిగురునీటిని చుక్కచుక్కగా వదలాలి. ఆల్కహాల్ చిమ్మకపోతే జిగురు ముత్యాల్లా గుండ్రంగా నిలిచి మట్టిని చెదరగొడుతుంది. ఆల్కహాల్ త్వరగా నిప్పంటుకునే ద్రవం కాబట్టి ఆ సమయంలో కిటికీలు తెరిచి ఉంచాలి, దగ్గరలో దీపం గానీ అగరుబత్తి గానీ వెలిగించకూడదు. రంగులు కలిసే అంచుల దగ్గర ఎక్కువ సమయం వెచ్చించాలి. బాట పొలంలోకి, పొలం కట్టలోకి, కట్ట కంకరలోకి మారేచోట గీత గీసినట్టు ఉండకుండా, ఒక మట్టి మరొకదానిలోకి రెండు మూడు మిల్లీమీటర్లు చెదిరి ఉండాలి.

కంకర

పెద్ద రైలు దారిలో కంకర ముక్క ఐదారు సెంటీమీటర్లుంటుంది, మన ప్రమాణంలో 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. క్రషర్ దగ్గర దొరికే రాతిపొడిని రెండు జల్లెళ్లతో జల్లించి, మొదటి దానిలోంచి పడి రెండో దానిలో నిలిచినదాన్ని తీసుకోవాలి. దీనికి కూడా అయస్కాంతం తిప్పాలి. చిన్న గేజి దారి మీద మందంగా, శుభ్రంగా కంకర పోస్తే పొరపాటు. మట్టి, ఎండిన గడ్డి, ఆకు కలిసిన పలుచని కంకర స్లీపర్ల అంచులు అక్కడక్కడ కప్పేలా ఉండాలి. చిన్న చెంచాతో పట్టాల మధ్య పోసి, మెత్తని కుంచెతో స్లీపర్ల మీదినుంచి కిందికి తోసి, రెండు పట్టాల లోపలి అంచుల్లో ఒక్క రేణువు కూడా మిగలకుండా చూసి, ఆ తర్వాతే ఆల్కహాల్, జిగురు వరుసగా వదలాలి. బండి దారి మారే పాయింట్ల దగ్గర కదిలే నాలుకల కింద కంకర అసలు పోయకూడదు. అక్కడ మట్టిరంగు పూస్తే సరిపోతుంది. జిగురు ఆరేదాకా ఆ నాలుకలను ప్రతి పావుగంటకూ అటూ ఇటూ కదుపుతూ ఉండాలి.

నది

మార్గశిరంలో వంశధార వెడల్పంతా నీరుగా ఉండదు. ఇసుక మేటల మధ్య పాయలుగా విడిపోయి పారుతుంది. నమూనా కట్టేవారికి ఇది ఎంతో మేలు. రెసిన్ చెంబులకొద్దీ పోయనవసరం లేకుండా, రెండు మిల్లీమీటర్ల లోతు పాయలు చాలు. పాయ నడుమ పాచి కలిసిన ముదురు గోధుమరంగు, ఒడ్డుకు వచ్చేకొద్దీ ఇసుక రంగు ఉండేలా అడుగు చిత్రించాలి. నీటికి నీలిరంగు వేయకూడదు, పైన పడే ఆకాశం వెలుగే ఆ పని చేస్తుంది. దాని మీద మెరిసే అక్రిలిక్ వార్నిష్ ఒక్కో పూత పూర్తిగా ఆరాక మరో పూత చొప్పున ఆరేడు పూతలు వేస్తే నిలిచిన నీటిలా వస్తుంది. రెసినే వాడదలచినవారు అడుగునూ అంచులనూ ముందు వార్నిష్‌తో మూసివేయాలి, లేకపోతే సూదిమొన అంత రంధ్రం చాలు, తెల్లారేసరికి అంతా గచ్చు మీద ఉంటుంది. డబ్బా మీద రాసిన పాళ్లను తూచి కలిపి, ఒక్కోసారి రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా పోసి, దుమ్ము పడకుండా ఒక రోజంతా మూత పెట్టి ఉంచాలి. వాన రోజుల్లో ఈ పని పెట్టుకుంటే పైపొర పాలలా తెల్లబడుతుంది.

గడ్డి, చేలు, చెట్లు

విద్యుత్తుతో గడ్డి నిలబెట్టే పరికరాన్ని దోమల బ్యాటు విప్పి చేసుకునేవారున్నారు. దానిలోని ఓల్టేజీ ప్రమాదకరం కాబట్టి విద్యుత్తు పని తెలియనివారు ఆ జోలికి పోకూడదు. నేను గోనె నారతోనే సరిపెట్టుకుంటున్నాను. గోనె పోగులను విప్పి, ఆకుపచ్చ, ఎండుగడ్డి రంగుల్లో విడివిడిగా తడిపి ఆరబెట్టి, కత్తెరతో రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కలుగా కోయాలి. చిన్న చిన్న మచ్చలుగా చిక్కని జిగురు పూసి, పైనుంచి నార చల్లి, చూపుడువేలితో బల్ల అడుగున తడుతూ, పక్కనుంచి మెల్లగా ఊదితే చాలా పోగులు లేచి నిలబడతాయి. ఈ గడ్డి గట్ల మీద, కట్ట పాదం దగ్గర మాత్రమే దట్టంగా ఉండాలి.

కోసిన మడిలో కొయ్యకాళ్లు మన ప్రమాణంలో ఒకటిన్నర మిల్లీమీటరు ఎత్తు, వరుసల మధ్య రెండు మిల్లీమీటర్ల పైచిలుకు ఎడం. పాత బట్టల బ్రష్షు కుచ్చులను కోసి వరుసలుగా నాటడం ఓపిక పని. కంటికి దగ్గరగా ఉన్న ఒకటి రెండు మళ్లకు అలా చేసి, వెనుక మళ్లకు ఎండు రంగు నార పలుచగా చల్లితే చాలు. వరికుప్పకు థర్మోకోల్ ముద్ద చుట్టూ జిగురు పూసి, నార పోగులను కిందికి దువ్వినట్టు అంటించాలి. ఎత్తు 35 మిల్లీమీటర్లు.

ఈ దృశ్యంలో అన్నిటికన్నా ఎత్తుగా నిలిచేది తాటిచెట్టు. బజారులో దొరికే ప్లాస్టిక్ తాటిచెట్లన్నీ పొట్టివే. నిజమైన తాడి 15 నుంచి 20 మీటర్లు పెరుగుతుంది కాబట్టి మన దగ్గర 17 నుంచి 23 సెంటీమీటర్లు ఉండాలి. చిన్న బండి పెట్టె ఎత్తు మూడున్నర సెంటీమీటర్లే. ఆ రెంటి తేడాయే బండి ఎంత చిన్నదో చూసేవారికి చెబుతుంది. ఐదారు మిల్లీమీటర్ల లావు వెదురుపుల్లను పైకి కొంచెం సన్నగా చెక్కి, కుట్టుదారం దగ్గరదగ్గరగా చుట్టి, జిగురు పూసి, బూడిద కలిసిన నలుపు వేస్తే మాను సిద్ధం. ఆకుకు 15 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లను విసనకర్రలా మడిచి, అంచు నుంచి సగం దాకా కత్తెరతో చీల్చి, పన్నెండు మిల్లీమీటర్ల పొడవున్న సన్నని రాగితీగ కాడకు అంటించాలి. చెట్టుకు ముప్పై ఆకులు కావాలి. పై ఆకులు పచ్చగా, నిటారుగా, కింది వరుసవి ఎండి గోధుమరంగులో మానుకు వేలాడుతూ ఉండాలి. ఆ ఎండు కమ్మలు లేకపోతే అది తాటిచెట్టు అనిపించదు. ఒక చెట్టుకు నాకు రెండు సాయంత్రాలు పడుతుంది. బల్ల మొత్తానికి మూడు చెట్లు చాలు. వాటిని ఒకే వరుసలో కాకుండా గట్టు మీద రెండు దగ్గరగా, ఒకటి దూరంగా పెట్టాలి.

జీడిమామిడి, మామిడి, ఇప్ప చెట్లకు పాత కరెంటు వైరులోని రాగి పోగులను మెలిపెట్టి, కొమ్మలుగా విడదీసి, జిగురులో కలిపిన మట్టిని పూయాలి. ఆకుల కోసం పరుపు స్పాంజిని ముక్కలు చేసి, పలుచని అక్రిలిక్ రంగులో నానబెట్టి, పిండి ఆరబెట్టి, వంటకు వాడని పాత మిక్సీ జారులో నీటితో తిప్పితే కావలసినంత సన్నని పొడి వస్తుంది. కనీసం మూడు పచ్చలు చేసుకోవాలి. జీడిమామిడి నేలకు వంగి గొడుగులా పరుచుకుంటుంది, మామిడి గుండ్రంగా ముదురు పచ్చగా ఉంటుంది, ఇప్ప కొంచెం పలుచన. ఈ ఆకారాలు చెట్టుచెట్టుకూ పాటిస్తే రంగులో చిన్న తేడాలు వచ్చినా కన్ను క్షమిస్తుంది.

ఇళ్లు, మనుషులు

మా లేఅవుట్‌లో ఇళ్లు నాలుగే. ఈ సరిహద్దు ఊళ్లలో తెలుగువారివైనా ఒడియావారివైనా ఇళ్లు ఒకదాని గోడకు మరొకటి ఆనుకుని, వీధికి రెండు వైపులా అరుగులతో బారుగా ఉంటాయి. విడివిడి ఇళ్లు చెల్లాచెదురుగా పెడితే అది ఈ ప్రాంతపు ఊరు కాదు. సున్నితమైన సామాన్ల పెట్టెల్లో వచ్చే సన్నని మడత అట్ట పైకాగితాన్ని తడిపి ఒలిస్తే పెంకుల వరుస బయటపడుతుంది. ఇళ్లను నేల మీద ఊరికే నిలబెట్టకుండా, పాదం రెండు మిల్లీమీటర్లు మట్టిలో దిగేలా గుంట తీసి కూర్చోబెట్టి, గోడ అడుగున ఎర్రమట్టి పొడిని కుంచెతో పైకి అద్దాలి. వానచినుకులు చిందిన ఆ మరక గోడను నేలకు కట్టివేస్తుంది. స్టేషను పెట్టదలచినవారు పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలు రాసేటప్పుడు పాతపట్నం వైపు తెలుగు, పర్లాకిమిడి వైపు ఒడియా ఉంటుందని గుర్తుంచుకోవాలి. మనుషులు 19 మిల్లీమీటర్లు. ఆరేడుగురికి మించి అక్కరలేదు.

చివరి పనులు, సంరక్షణ

అన్నీ ఆరిన తర్వాత పలుచని తెలుపు, మట్టిరంగు కలిపిన పొడిని మెత్తని కుంచెతో మళ్ల మీద, ఇళ్ల కప్పుల మీద, రాళ్ల మీద అతి తక్కువగా అద్దితే ఒకే గాలిదుమ్ము అన్నిటి మీదా పడినట్టు రంగులు కలుస్తాయి. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా గదిలో గాలి ఆడేలా చూడాలి. చెక్కపొట్టు వాడిన చోట బూజు త్వరగా పడుతుంది. నేను దాన్ని పూర్తిగా మానేయడానికి అదే కారణం. బండి నడపని రోజుల్లో పాత నూలు చీరను చెట్ల కొనలకు తగలకుండా సన్నని కర్రల మీద కప్పాలి. నెలకొకసారి కెమెరా లెన్సులకు వాడే గాలి బుడ్డితో దుమ్ము ఊదాలి.

టేపు తీసివేసి, మెత్తని బట్టను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి పట్టాల పైభాగం తుడవాలి. బట్ట నల్లబడటం ఆగేదాకా మార్చి మార్చి తుడవాలి. ఆ తర్వాత పెన్సిళ్లు కట్టిన అదే పెట్టెను మరొకసారి చేత్తో నడిపించి, గడ్డి పోగు గానీ చెట్టు కొమ్మ గానీ తగిలిన చోట కత్తిరించాలి. ఇంజనును అన్నిటికన్నా తక్కువ వేగంతో వదిలి, దాని వెంట నడవాలి. ఎక్కడ ఆగితే అక్కడ పట్టా లోపలి అంచులో కంకర రేణువో, పట్టా మీద ఎండిన జిగురు పొరో ఉంటుంది. దాన్ని పుల్లతో గీకి తీసి, ఇంజనును మళ్లీ మొదటి నుంచి వదలాలి.